కూర్చుని పాడినాయన

మొన్న గుజరాత్‌లో మా భేస్తాన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. అర నిమిషం కూడా ఉండదు. డుమస్ సముద్రం ఒడ్డున ఒక నల్లటి పెద్దాయన, తెల్ల లాల్చీ, ఆకుపచ్చ టోపీ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తి రెండడుగులు వేస్తాడు. వెనక దడదడమని డప్పులు. కింద గుజరాతీలో ‘సిద్దీ సంస్కృతి వారం: మన గుజరాత్‌లోని ఆఫ్రికాకు నమస్కారం’ అని రంగురంగుల అక్షరాలు. ఒకప్పుడు మా ఊళ్ళో కేబుల్‌లో వచ్చి, ఇప్పుడు ఫోన్లలోకి దిగిన చానెల్ అది. పాత సరుకు దులిపి మళ్ళీ వేస్తున్నారు.

గ్రూపులో వెంటనే మొదలైంది.

"గీన మన గల్లీ కాకనే గదా?"

"ఆయననే. వానల్ల పోయిండు పాపం."

"టీవోళ్ళు పిలిస్తే పాడనని మొండికేసింది గీననే గదా? గప్పుడు టీవీలనే చెప్పిన్రు."

దాని కింద నాలుగైదు నవ్వు బొమ్మలు, రెండు దండం బొమ్మలు.

ఆ మూడో మాట కోసమే ఇది రాస్తున్నాను. ఆయన మొండికేయలేదు. పాడాడు. తన గదిలో, చాప మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా పాడాడు. కెమెరా పట్టుకున్నది నేనే.

పేరు రాయడం లేదు. ఆయన కూతురు వద్దంది. "టీవీల ఒకసారి పడ్డది చాలు భాయ్. అది గూడ తప్పే పడ్డది" అంది. పడ్డ మాట నిజమే. ఆ తప్పు పేరు కొట్టిన వేళ్ళు కూడా నావే కాబట్టి, నేను బతిమాలలేదు. గల్లీలో అందరికీ ఆయన కాకా. మా తెలుగులోనూ కాకే, గుజరాతీలోనూ కాకే కాబట్టి ఆ పిలుపు దగ్గర ఎవరికీ పేచీ లేదు.

ఆయన సిద్దీ. తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎన్నో తరాల కింద ఆఫ్రికా నుంచి ఓడల్లో ఈ తీరానికి వచ్చినవాళ్ళ సంతతి సిద్దీలు. కొందరు సిపాయిలుగా, కొందరు నావికులుగా వచ్చారు, బానిసలుగా తెచ్చినవాళ్ళు ఎందరో. ముఖం చూస్తే ఆఫ్రికా. నోరు విప్పితే శుద్ధమైన గుజరాతీ. మా కాకా నోరు విప్పితే మాత్రం మా సిరిసిల్ల దిక్కు తెలుగు కూడా వచ్చేది. మా గల్లీ నిండా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తెలంగాణవాళ్ళమే. ఆయన పక్కనున్న రంగుల మిల్లులో బాయిలర్ దగ్గర పని. మా నాన్నతో కలిసి బీడీ కాల్చి కాల్చి మా భాషంతా పట్టేశాడు, తిట్లతో సహా.

ఊరి నుంచి కొత్తగా పనికి వచ్చే కుర్రవాళ్ళను ఉధ్నా స్టేషన్ నుంచి తీసుకురావడానికి నాన్నకు తీరిక లేకపోతే ఆయన్నే పంపేవాడు. సంచి గుండెకు హత్తుకుని ప్లాట్‌ఫారం మీద బిత్తర చూపులు చూస్తున్న పిల్లగాడి ముందు ఈ మనిషి నిలబడి "ఏంది బిడ్డా, తిన్నవా?" అనేవాడు. ఒకడు సంచి అక్కడే వదిలి పరిగెత్తాడని చెప్పుకుని చాలాకాలం నవ్వుకున్నారు. తేరుకున్నాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే.

"కాకా, నీది ఏ ఊరు?"

"భేస్తాన్."

"అది కాదు, అసలు ఊరు."

"భరూచ్ అవతల, రతన్‌పూర్."

"అసలసలు ఊరు?"

"నీ తాత తాతది ఏ ఊరో నువ్వు చెప్పు. అటెన్క నేను చెప్త."

ఎవడూ చెప్పలేకపోయేవాడు. ఆయన సంచి అందుకుని ముందు నడిచేవాడు.

ఏ వస్తువైనా ముందు చెవికి ఆనించుకోవడం ఆయన అలవాటు. కొబ్బరికాయ సరే, అది అందరూ చేసేదే. ఆయన గోడకూ చెవి పెట్టేవాడు, నల్లా గొట్టానికీ పెట్టేవాడు. బాయిలర్ దగ్గర బతికిన మనిషి కదా, లోపల ఏం ఉడుకుతోందో వినందే నమ్మకం కుదిరేది కాదు. మా ఇంట్లో టీవీ ఆగిపోతే దాని వీపుకు చెవి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఊపిరున్నది. జర ఆగు, వస్తది" అని తేల్చేవాడు. చాలాసార్లు వచ్చేది కూడా. ఎందుకంటే పాడయ్యేది టీవీ కాదు, కేబుల్.

"జర ఆగు, వస్తది." నీళ్ళకూ అదే, బస్సుకూ అదే, జీతానికీ అదే. మా తమ్ముడు పుట్టే రోజు నాన్న ఆస్పత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే కాకా ఆయనతోనూ ఇదే మాట అన్నాడట. నాన్న కొట్టబోయాడట.

గల్లీ మొత్తానికి మొదట టీవీ వచ్చింది మా ఇంట్లోనే. తెర మీద ఎవరైనా నల్లవాళ్ళు కనిపిస్తే చాలు, పిల్లలం గల్లీ చివరిదాకా పరిగెత్తేవాళ్ళం. "కాకా, మీవోళ్ళు వచ్చిన్రు!" ఎగతాళి ఎంతో, సంబరం ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చేవాడు. పరుగుపందెం కావచ్చు, ఎక్కడో కరవు వార్త కావచ్చు, సబ్బు ప్రకటన కావచ్చు. గడప దగ్గర గొంతుకూర్చుని చూసేవాడు. అయిపోయాక లేచి వెళ్ళి తెరను చేతి వెనకవైపుతో ఒకసారి తాకేవాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. పాత డబ్బా టీవీ కదా, చిటపటమనేది. చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. మాకది చూడటం పెద్ద వేడుక.

వెస్టిండీస్ మ్యాచ్ వస్తే మా నాన్న వదిలేవాడు కాదు.

"ఇయ్యాల నువ్వు ఎటు దిక్కు?"

"ఇండియా దిక్కు. ఎటుంటరా మల్ల?"

"ఆ బౌలర్ కిందపడితే అయ్యో అన్నవ్?"

"నీ బామ్మర్ది పడితే నువ్వు అనవా?"

"నా బామ్మర్ది పడితే నేను నవ్వుత."

ఇద్దరూ చాలాసేపు నవ్వేవాళ్ళు. లోపల్నుంచి మా అమ్మ గిన్నె ఒకటి గట్టిగా పెట్టేది.

నేను పెద్దయ్యాను. సాంచాల జోలికి పోకుండా పెళ్ళి వీడియోలు తీయడం నేర్చుకుని, అక్కడి నుంచి ఆ కేబుల్ చానెల్‌లో చేరాను. కెమెరా నేనే, ఎడిటింగ్ నేనే. గల్లీలో నాకు పెద్ద పేరు. కాకా అందరికంటే ఎక్కువ మురిసిపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంట్లో ఉండగా ఏదో ఇంగ్లీషు చానెల్‌లో ఒక కార్యక్రమం తగిలింది. అమెరికాలో నల్లవాళ్ళ చరిత్ర కోసం ఏటా ఒక నెల పెడతారు కదా, ఆ నెలలో వచ్చేవాటిలో ఒకటి. ఓడల బొమ్మలు, సంకెళ్ళ బొమ్మలు వచ్చాయి. తరవాత ఒక ముసలామె. కుర్చీలో కూర్చుని తన నాయనమ్మ గురించి చెప్తోంది. చెప్తూ చెప్తూ సన్నగా ఒక పాట ఎత్తుకుంది. కెమెరా ఆమె ముఖం మీద నుంచి కదల్లేదు.

కాకా గడప దగ్గర నుంచి లేచి, టీవీకి దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"ఏమంటున్నది?"

నాకు తెలిసిన ఇంగ్లీషులో చెప్పాను. నాయనమ్మ పాడేదట. ఆమెను కొన్నవాళ్ళకు ఆ పాట అర్థమయ్యేది కాదట.

"నెలంతా ఇదేనా?"

"నెలంతా ఇదే."

"మిగిలిన నెలలు?"

"మిగిలిన నెలలు మామూలే కాకా."

నవ్వాడు. తరవాత తెర వైపు వేలు చూపించాడు. "సూడు బిడ్డా. కూసోని పాడుతున్నది. లే, ఎగురు అని ఎవ్వలు అంటలేరు."

అప్పటికి నాకు తెలిసిన సిద్దీల ఆట అంటే అందరికీ తెలిసినదే. పండగల్లో, హోటళ్ళ ముందు, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు, ఆకుల లంగాలు కట్టి, ముఖాలకు చుక్కలు పెట్టి, నిప్పుల మీద గెంతించే ఆట. ఆయన ఆ రోజు చెప్పాడు, అది బయటివాళ్ళ కోసమని. లోపలిది వేరే ఉంది. రతన్‌పూర్ కొండ మీద దర్గాలో, లేదంటే ఇంట్లో గురువారం సాయంత్రం, లోబాన్ పొగ, అంటే సాంబ్రాణి పొగ, వేసి కూర్చుని పాడేది. పోయిన పెద్దల్ని పిలిచే పాట. ఆయనకు వాళ్ళ నాయనమ్మ నేర్పింది. అందులో కొన్ని మాటలు గుజరాతీ కాదు, ఉర్దూ కాదు, అర్థం ఆమెకూ తెలియదు. మాట మారకుండా నోటికి పట్టించింది, అంతే.

"మాది గూడ గిట్ల తీస్తవా?" అని అడిగాడు.

"తీస్తా కాకా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది.

అవకాశం తొందరగానే వచ్చింది. మా చానెల్ సేఠ్‌కు ఎవరో చెప్పారు, సిద్దీల మీద ఒక వారం పాటు రోజూ సాయంత్రం కార్యక్రమం వేస్తే పేరొస్తుందని. నేను ఎగిరి గంతేశాను. మా గల్లీలోనే ఒక మనిషి ఉన్నాడని చెప్పాను. ఆ గురువారం కెమెరా తీసుకుని కాకా గదికి వెళ్ళాను.

తెల్ల లాల్చీ ఉతికి వేసుకున్నాడు. చాప వేశాడు. మట్టి మూకుడులో నిప్పులు, వాటి మీద లోబాన్. విల్లులా వంచిన కర్రకు తీగ కట్టి, దానికి సొరకాయ బుర్ర బిగించిన వాద్యం ఒకటి ఉంటుంది వాళ్ళకు, మలుంగా అంటారు. దాన్ని తీసి ముందు చెవికి ఆనించుకున్నాడు. తరవాత బుర్రను రొమ్ముకు ఆనించి పుల్లతో తీగను కొట్టాడు. ఒకసారి దగ్గాడు. నేను తల ఊపాను. "జర ఆగు" అని నన్నే ఆపి, పొగ పైకి లేచాక అందుకున్నాడు.

నేను విన్నానా? చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కానీ బ్యాటరీ అయిపోవస్తోంది, పొగ వల్ల ఫోకస్ నిలవడం లేదు, కిటికీ వెలుగు పడిపోతోంది. నేను చూసింది అవే. ఆయన ముగించి కళ్ళు తెరిచేసరికి ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. అది కూడా నేను ఎడిటింగ్‌లోనే గమనించాను.

సేఠ్‌కు చూపించాను. ఒక నిమిషం చూశాడు.

"డోసో బేఠో ఛే. కోణ్ జోశే?" అన్నాడు. ముసలాయన కూర్చునే ఉన్నాడు, ఎవరు చూస్తారు, అని. చెడ్డవాడు కాదు. ఆయన లెక్క ఆయనది. డుమస్‌లో రతన్‌పూర్ కుర్రాళ్ళ ఆట తీస్తున్నాం కదా, ముసలాయన్ని కూడా అక్కడికే పిలువు, అదే పాట నిలబడి పాడించు, డప్పులతో, ఆకులు కట్టించి, అన్నాడు. మా భాషలో అది రీటేక్. పెళ్ళికొడుకు చేత తాళి కూడా మళ్ళీ కట్టించేవాళ్ళం మేం. ముడి సరిగ్గా కనబడలేదని చెప్తే కట్టేవాళ్ళు పాపం, నవ్వుతూ.

కాకా డుమస్ వచ్చాడు. బస్సు దిగి, లాల్చీ మడత నలగకుండా చూసుకుంటూ. ఒడ్డున బండి దగ్గర టమాటా భజియా కొనిపెట్టాను. అలంకరణ దుకాణం నుంచి తెచ్చిన ఆకుల లంగా చూపించి విషయం చెప్పాను. ఆయన దాన్ని పట్టుకుని చూశాడు. ప్లాస్టిక్ ఆకులు. జాగ్రత్తగా మడతపెట్టి తిరిగి నా చేతికిచ్చాడు.

"గురువారం పిలిచిన గద బిడ్డా. వచ్చిన్రు. నువ్వు ఉన్నవ్ గద ఆడ్నే. వచ్చినోళ్ళను మల్ల ఎట్ల పిలుస్త?"

"కెమెరా కోసం కాకా. ఒక్కసారి."

"కెమెరాల పడ్డది గద?"

"పడ్డది."

"మల్ల ఏంది?"

నేను ఆకుల లంగాను సంచిలో పెట్టేశాను. ఆయన అలిగిందీ లేదు, గొంతు పెంచిందీ లేదు. పక్కన కూర్చుని భజియా తింటూ కుర్రాళ్ళ ఆట చూశాడు. మధ్యలో ఒకడు వచ్చి ఆయన్ని చెయ్యిపట్టి లాగాడు. ఆయన నవ్వుతూ లేచి, చేతులు రెండూ పైకెత్తి, వాళ్ళతో రెండడుగులు వేసి, చాలు చాలు అని కూర్చున్నాడు. మనవళ్ళ సరదా తీర్చినట్టు. కెమెరా తిరుగుతూ ఉంది. మీరు ఫోన్లో చూస్తున్నది ఆ రెండడుగులే. ఎత్తిన కుడి చేతిలో భజియా కాగితం ఉంది. అది కనబడకుండా పక్కలు కోసింది నేను. వెనక వినిపించే డప్పులు ఆ రోజువి కావు, కంప్యూటర్‌లో ఉన్నవి.

కార్యక్రమం మొదలైన రోజు సాయంత్రం గల్లీ అంతా ఆయన గదిలో, గది బయట. అప్పటికి ఆయనకూ సొంత టీవీ ఉంది. దాని ముందు మూకుడులో నిప్పులు పెట్టి లోబాన్ వేశాడు. మా నాన్న ఎగతాళి చేశాడు. "టీవీకి పూజా కాకా?"

"ఇందుల్నుంచి పిలుస్తరు గద. పొగ లేకుంటె ఎట్ల వస్తరు?"

నేను తలుపు పక్కన నిలబడ్డాను. అందులో ఆయన పాట లేదని నాకు తెలుసు. ముందే చెప్పాల్సింది. రోజూ రేపు చెప్దామనుకున్నాను.

డుమస్ ఒడ్డు వచ్చింది. ఆకుల లంగాలు వచ్చాయి. యాంకరమ్మాయి నవ్వుతూ చెప్పింది, ఈ పెద్ద కళాకారుణ్ణి పాడమని ఎంతో అడిగాం, ఆయన ఒప్పుకోలేదు, కళాకారుల మూడ్ అలాంటిది, కానీ ఆయన ఆట చూడండి అని. ఆ మాటలు సేఠ్ రాయించాడు. అతికించింది నేను. ఆ రెండడుగులు వచ్చాయి. గదంతా చప్పట్లు, ఈలలు. "వారెవా కాకా!" అని, వెంటనే "ఏంది, పాడనన్నవా?" అని. అందరూ నవ్వుతున్నారు. ఆయన మాత్రం చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"జర ఆగు, వస్తది."

ప్రకటనలు వచ్చాయి. వజ్రాల మార్కెట్ ధరలు వచ్చాయి. ఆయన చూస్తూనే ఉన్నాడు. జనం ఒక్కొక్కరే లేచారు. నిప్పులు నల్లబడ్డాయి. అప్పుడు నావైపు తిరిగాడు. ఆ ముఖంలో అనుమానం లేదు. అది ఉన్నా బాగుండేది.

"ఇంకో రోజు ఉన్నదా బిడ్డా?"

"ఉంటది కాకా" అన్నాను.

ఆ వారమంతా ప్రతి సాయంత్రం ఆయన గది నుంచి లోబాన్ వాసన వచ్చేది. నేను ఆ వారం గల్లీలోకి వెళ్ళడం మానేశాను. ఆఫీసులో పని ఉందని ఇంట్లో చెప్పాను. ఆ గురువారం పాట ఉన్న క్యాసెట్ మా ఆఫీసులో అందరి క్యాసెట్లతో పాటు డబ్బాలో పడి ఉండేది. అప్పట్లో వాడిన క్యాసెట్ పక్కన పెట్టి ఉంచడమంటే వృథా. వేసిన కార్యక్రమం అయిపోగానే దాని మీదే మళ్ళీ తీసేవాళ్ళం. ఆ క్యాసెట్ మీద కిమ్ అనే ఊళ్ళో ఒక పెళ్ళి ఎక్కింది. తీసింది నేనే. డబ్బాలోంచి చేతికందింది తీసుకుని వెళ్ళాను. తాళి కట్టడం అయ్యాక డబ్బా మీది చీటీ చూస్తే తెలిసింది, అది ఏ క్యాసెట్టో. ఆపి ఏం చేయను, అప్పటికే సగానికి పైగా పోయింది. మిగిలింది కూడా విందు భోజనాలతో పోయింది.

ఆ ఏడు తిరక్కముందే కాకాకు పక్షవాతం వచ్చింది. కుడివైపు చెయ్యి, మాట పోయాయి. భరూచ్‌లో అత్తారింట్లో ఉన్న కూతురు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పిల్లలు, మొగుడు కూడా వెనకే వచ్చారు. నేను పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసేవాణ్ని. మంచం మీద ఉండేవాడు. నన్ను చూడగానే ఎడమ చేయి లేచేది. ఆ చేత్తో టీవీ వైపు చూపించేవాడు. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చేది. ఏం అడుగుతున్నాడో నాకు స్పష్టంగా తెలుసు. నేను టీవీ పెట్టమంటున్నాడని అర్థమైనట్టు నటించి, లేచి వెళ్ళి టీవీ పెట్టేవాణ్ని. ఏదో ఒక సినిమా వచ్చేది. ఆయన చేయి దించేసేవాడు. ఇది ఒకసారి జరిగింది కాదు. ఏళ్ళ తరబడి జరిగింది.

ఈ వానల్లో పోయాడు. జనాజా వెంట చివరిదాకా నడిచాను. మా తెలుగువాళ్ళు చాలామందే వచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఒకాయన అన్నాడు, "మంచోడే గని, ఆ ఒక్కటి పాడితే పేరొచ్చేది."

వీడియో వచ్చాక ముందు చానెల్‌కు ఫోన్ చేశాను. సేఠ్ లేడు, కొడుకు ఉన్నాడు. నేను అక్కడ మానేసి ఏళ్ళయింది, నేనెవరో ఆ అబ్బాయికి తెలియదు. "మేం గౌరవంగానే వేశాం కదా అంకుల్, చాలా మంది చూశారు" అన్నాడు. నిజంగానే మర్యాదగా మాట్లాడాడు. తరవాత వీడియో కింద నేనే గుజరాతీలో రాశాను. ఈయన పాడారు, కూర్చుని పాడారు, డప్పులు ఆయనవి కావు, అని. దానికి ఎవరో పువ్వు బొమ్మ పెట్టారు. ఇంకెవరో ‘నైస్ డ్యాన్స్’ అని రాశారు. సాయంత్రానికి నా మాట ఎక్కడో అడుగుకు పోయింది. వెతికితే నాకే దొరకలేదు.

ఆ రాత్రి ఆయన కూతురు ఫోన్ చేసింది. "భాయ్, గా డుమస్‌ది కాదు. ఇంట్ల తీసింది ఉన్నదా నీ దగ్గర?"

ఫోన్లో చెప్పలేకపోయాను. మర్నాడు వెళ్ళాను.

అదే గది. మంచం తీసేశారు. గోడకు మలుంగా వేలాడుతోంది, తీగ వదులుచేసి. నేను అంతా చెప్పాను. కిమ్ పెళ్ళి గురించి, ఆయన అడిగేది అర్థం కానట్టు నటించి టీవీ పెట్టడం గురించి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మోకాలి మీద గడ్డం ఆనించుకుని వింది.

"అబ్బా ఫోన్ల నాకేం చెప్పిండో తెలుసా భాయ్?" అంది చివరికి. అబ్బా అంటే వాళ్ళలో నాన్న. "టీవీల వస్తది, సూసి నేర్చుకో అన్నడు. చిన్నప్పుడు ఆ మాటలకు నాలుక తిరగక నవ్వుతుంటి. పెద్దగైనంక నేర్పుత అంటుండె. నేను పెండ్లయి పోతి."

"నీకేమీ రాదా?"

"తాళం వస్తది." లేచి అటక మీది నుంచి ఒక గిలక్కాయ తీసింది. కొబ్బరిచిప్పలో గింజలు పోసి గుడ్డ చుట్టి చేసినది. వాళ్ళలో ఆడవాళ్ళు వాయించేది. "అబ్బా పాడుతుంటే నేను ఇది ఆడిస్తుంటి. మాటలు మాత్రం..." ఆగి, నావైపు చూసింది. "నువ్వు విన్నవ్ గద?"

ఇక్కడ నా పని గురించి ఒకటి చెప్పాలి. ఎడిటింగ్ చేసేవాళ్ళం ఏదీ పూర్తిగా వినం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కోయాలి, ఆ రెండు చోట్లే ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి వింటాం. మధ్యలో ఉన్నదాన్ని పరిగెత్తిస్తాం. సేఠ్‌కు చూపించే ముందు ఆయన పాటకు కూడా నేను అదే చేశాను. అందుకే మొదలు నాకు ఇప్పటికీ వచ్చు. దగ్గు, "జర ఆగు", తీగ మీద దెబ్బ, మొదటి రెండు వరుసలు. ముగింపూ వచ్చు. ఆయన గొంతు కిందికి దిగి, దాదాపు మాటగా మారిపోయే చివరి వరుస. అర్థం తెలియని ఆ మాటలు, ఆయన నాయనమ్మ మాటలు, అక్షరం పొల్లుపోకుండా నా నోట్లో ఉన్నాయి. మధ్యది లేదు.

అదే ఆమెకు చెప్పాను.

"ఉన్నదే పాడు భాయ్" అంది.

మూకుడులో నిప్పులు తెచ్చి లోబాన్ వేసింది. నేను చాప మీద కూర్చున్నాను. యాభై దాటిన మనిషిని, పెళ్ళి పాట కూడా పైకి పాడి ఎరగను. పొగ లేచేదాకా ఆగాను. ఆమె గిలక్కాయ ఆడించడం మొదలుపెట్టింది. మొదటి వరుస పాడాను. ఆమె చేయి ఒక్కసారి ఉలిక్కిపడినట్టు ఆగి, మళ్ళీ అందుకుంది. రెండో వరుస పాడాను. ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు నా వెనకే కదిలాయి.

అక్కడితో నా దగ్గర అయిపోయింది.

గిలక్కాయ ఆగలేదు. "జర ఆగు, వస్తది" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. అచ్చం ఆయన లాగే.

ఆగాను. రాలేదు. ఎక్కడ నుంచి వస్తుంది? కనీసం చివరి వరుస సరిగ్గా అందుకుందామని చూశాను. కానీ మధ్యది ఎంతసేపు ఉంటుందో నాకు తెలియదు.

"చివరి వరుస ఎప్పుడు అందుకోవాల్నో చెప్పు" అన్నాను.

"నాకేం ఎరుక భాయ్? అబ్బా గొంతు దిగినప్పుడు నా చెయ్యి ఆగేది" అంది. కళ్ళు తెరిచింది.

గిలక్కాయ ఆడుతూనే ఉంది. ఆమె నా నోటివైపు చూస్తోంది. నేను ఆమె చేతివైపు చూస్తున్నాను.